టెన్షన్ వచ్చినప్పుడు మనసు పట్టే దారులు: ఏది ఎంతవరకు పనికొస్తుంది?

రెండేళ్ళ క్రితం గుంటూరులో మా నాన్నకి గుండె ఆపరేషన్ జరిగింది. ఉదయం ఏడింటికి లోపలికి తీసుకెళ్ళారు. బయట వరండాలో మేం నలుగురం. అమ్మ వచ్చిన ప్రతివాళ్ళకీ, "ఆయనకేం లేదు, గ్యాస్ నొప్పిని వీళ్ళు పెద్దది చేశారు" అని చెబుతోంది. లిఫ్ట్ దగ్గర ఆలస్యమైందని తమ్ముడు స్ట్రెచర్ తోసే కుర్రాడి మీద విరుచుకుపడ్డాడు. నేను ఫోన్ తీసి, బైపాస్ కోసం కాలి నుంచి తీసిన రక్తనాళం ఎన్నేళ్ళు పనిచేస్తుంది, ఛాతీ లోపలిది ఎన్నేళ్ళు పనిచేస్తుంది అని చదువుతూ కూర్చున్నాను. ఒక్క చుక్క కన్నీరు రాలేదు. మా మరదలు మాత్రం రక్తం ఇస్తామన్నవాళ్ళకి ఫోన్లు చేసింది, అమ్మ చేత రెండు ఇడ్లీలు తినిపించి బీపీ బిళ్ళ వేయించింది, రాత్రి ఇంటికెళ్ళాక బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చింది.

నేను హైస్కూల్ టీచర్ని. డీఎస్సీకి చదివే రోజుల్లో 'రక్షక తంత్రాలు' అన్న పాఠం బట్టీ పట్టినదాన్ని. దమనం (బాధని తెలియకుండానే లోపలికి నొక్కెయ్యడం), ప్రక్షేపణం, విస్థాపనం, హేతుకీకరణం, ఉదాత్తీకరణం. ఒక్కోదానికి ఒక్కో సామెత గుర్తు పెట్టుకుంటే బిట్ తప్పేది కాదు. అత్త మీద కోపం దుత్త మీద చూపితే విస్థాపనం. అందని ద్రాక్ష పుల్లన అంటే హేతుకీకరణం. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తే ప్రక్షేపణం. ఆ రోజు ఆ వరండాలో పాఠం మొత్తం మా ఇంటి మనుషుల రూపంలో నా ముందు కూర్చుంది. పరీక్షకి చదివినప్పుడు అర్థం కాని ఒక సంగతి అప్పుడు తెలిసింది: వీటిలో ఏది మంచిది, ఏది చెడ్డది అని అడగడం వల్ల లాభం లేదు. ఏది ఎన్నాళ్ళు పనికొస్తుంది, ఆ తర్వాత దాని భారం ఎవరి మీద పడుతుంది అని అడగాలి. ఈ వ్యాసంలో ఒక్కో దారినీ ఆ రెండు ప్రశ్నలతోనే పోలుస్తాను.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి

మనోవిశ్లేషణకి ఆద్యుడైన ఫ్రాయిడ్ 1894లో రాసిన ఒక వ్యాసంలో మనసు తనని తాను కాచుకునే తీరుని 'రక్షణ' అన్నాడు. ఆయన కూతురు అన్నా ఫ్రాయిడ్ 1936లో వాటిని ఒక పుస్తకంగా వివరించింది. మన డీఎస్సీ గైడ్లలో కనిపించే పేర్లు చాలావరకు అక్కడి నుంచి వచ్చినవే. ఇవి చాలావరకు మనం కావాలని చేసేవి కావు. కంట్లో నలుసు పడబోతే రెప్ప ఎలా మూసుకుంటుందో, భరించలేని మాట వినగానే మనసూ అలాగే మూసుకుంటుంది. అమ్మ గ్యాస్ నొప్పి అన్నప్పుడు అబద్ధం చెప్పలేదు. ఆ క్షణాన ఆమెకి అదే నిజం.

రెండో రకం మనం తెలిసి చేసేది. అమెరికా మనస్తత్వవేత్తలు లాజరస్, ఫోక్‌మన్ 1984లో దీన్ని రెండుగా విడదీశారు: కష్టాన్నే సరిచేసే ప్రయత్నం ఒకటి, కష్టం వల్ల వచ్చిన బాధని తట్టుకునే ప్రయత్నం ఇంకొకటి. రక్తం ఇచ్చేవాళ్ళని పిలవడం మొదటిది. దేవుడి గదిలో కూర్చోవడం, స్నేహితురాలికి ఫోన్ చేసి ఏడవడం రెండోది. మన చేతిలో ఉన్న పనికి మొదటిది, చేతిలో లేనిదానికి రెండోది సరిపోతుంది. ఆపరేషన్ జరుగుతున్న ఐదు గంటలు మన చేతిలో లేవు. ఫీజు కట్టడం, మందులు తేవడం మన చేతిలోనే ఉన్నాయి. రెండింటినీ కలిపేసుకున్నవాళ్ళే ఎక్కువ నలిగిపోతారని నేను చూసినంతలో అనిపించింది.

కాదనుకోవడమా, పక్కన పెట్టడమా?

బయటి నుంచి చూస్తే ఈ రెండూ ఒకేలా ఉంటాయి. ఇద్దరూ ఆ మాట ఎత్తరు, ఇద్దరూ మామూలుగా తిరుగుతుంటారు. ఎవరికి వాళ్ళు లోపల చూసుకుంటేనే తేడా కనిపిస్తుంది.

మా మరదలు పక్కన పెట్టింది. "ఇప్పుడు ఏడిస్తే అమ్మ పడిపోతుంది, రాత్రికి చూద్దాం" అనుకుంది, రాత్రికి నిజంగానే చూసుకుంది. అమ్మ కాదనుకుంది. ఆమె దృష్టిలో చూసుకోవాల్సిందే ఏమీ లేదు.

అయినా ఆ రోజుకి అమ్మ దారిని తప్పు పట్టను. 1987లో అచ్చయిన ఒక అధ్యయనం గుండెజబ్బు రోగులలో కాదనుకునే స్వభావాన్ని కొలిచింది. ఆ స్వభావం ఎక్కువ ఉన్నవాళ్ళు ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో మిగతావాళ్ళకన్నా మెరుగ్గా ఉన్నారు, ఐసీయూలో తక్కువ రోజులు గడిపారు. ఇంటికి వెళ్ళాక కథ తిరగబడింది. తర్వాతి ఏడాదిలో వాళ్ళే డాక్టర్ల సలహాలు తక్కువ పాటించారు, వాళ్ళే మళ్ళీ ఆస్పత్రిలో ఎక్కువ రోజులు ఉండాల్సి వచ్చింది. మా ఇంట్లోనూ అచ్చం ఇదే జరగబోయింది. నాన్న ఇంటికొచ్చిన నెలకే అమ్మ ఆవకాయ జాడీ మళ్ళీ బల్ల మీదికి తెచ్చింది, "అంతా బాగైపోయిందిగా" అంటూ. మొదటి రోజు ఆమెని నిలబెట్టిన మాటే నెల తర్వాత నాన్నకి ప్రమాదమైంది.

కాబట్టి నా సలహా ఇది. చావు కబురు, పెద్ద జబ్బు పేరు, ఉద్యోగం పోయిందన్న మాట విన్న మొదటి ఒకటి రెండు రోజులు ఎవరైనా కాదనుకుంటుంటే వాళ్ళని కుదిపి ఒప్పించకండి. సంతకం, మందు, డబ్బు లాంటి ఆగని పనులుంటే పక్కవాళ్ళు చూసుకోవచ్చు. వారం దాటినా అదే మాట మీద ఉంటే అప్పుడు మెల్లగా కదిలించాలి, అది కూడా వాదనతో వద్దు. "డాక్టర్ గారు ఏం చెప్పారో ఒక్కసారి నాకు చెప్పవా?" అని అడిగితే చాలు. తన నోటితో తను చెప్పుకున్న మాటని మనిషి అంత తేలిగ్గా తోసెయ్యలేడు.

పక్కన పెట్టేవాళ్ళకీ ఒక జాగ్రత్త. 'దాని గురించి ఆలోచించకూడదు' అని పట్టుబడితే అదే గుర్తొస్తుంది. మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ 1987లో విద్యార్థులకి తెల్ల ఎలుగుబంటి గురించి ఐదు నిమిషాలు ఆలోచించవద్దని చెప్పాడు. గుర్తొచ్చినప్పుడల్లా గంట కొట్టమన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. దీనికన్నా ఆలోచనకి ఒక వేళ ఇవ్వడం మేలు. రోజూ సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర దాకా ఒకే చోట కూర్చుని దిగులుపడండి, మిగతా వేళల్లో గుర్తొస్తే "ఆరింటికి" అని చెప్పుకోండి. ఇది 1980ల నుంచి ఆందోళన ఉన్నవాళ్ళకి నేర్పిస్తున్న పద్ధతే. మొదట్లో వింతగా ఉంటుంది. పది రోజులు చేశాక రాత్రి నిద్రలో తేడా నాకు తెలిసింది.

మిర్చి యార్డు పరీక్ష

మా మేనమామ మిర్చి రైతు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో టిక్కీలు (మిర్చి బస్తాలు) ట్రాక్టర్ మీద వేసుకుని గుంటూరు యార్డుకి వస్తాడు. రేటు పడిపోయిన ఏడు ఆయనా, ఆయన పక్క పొలం రైతూ ఇద్దరూ సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టారు. ఇద్దరూ ఒకే మాట అన్నారు: "రేటు పెరుగుద్దిలే."

చూడటానికి ఇద్దరిదీ ఒకే నిర్ణయం. నేను మామయ్యని అడిగాను, "పెరగకపోతే ఎప్పుడు అమ్మేస్తావు?" ఆయన వెంటనే చెప్పాడు. దసరా దాకా చూస్తాను, అద్దె, అప్పు మీద వడ్డీ కలిపి ఇంత దాటితే ఏ రేటుకైనా తెగనమ్మేస్తాను, సగం ముందే అమ్మి ఎరువుల అప్పు కట్టేశాను అన్నాడు. దీన్ని మనస్తత్వ శాస్త్రంలో ముందుచూపు అంటారు, పరిణతి ఉన్న రక్షణల్లో ఒకటిగా లెక్కేస్తారు. అదే ప్రశ్న పక్క పొలం ఆయన్ని అడిగితే, "ఎందుకు పెరగదమ్మా, అట్టాంటి మాటలు అనబాక" అని ముఖం తిప్పుకున్నాడు. అది కాదనుకోవడం. తర్వాత ఆయన నోట వచ్చిన మాటలు హేతుకీకరణం: ఈసారి వ్యాపారులంతా కూడబలుక్కున్నారు, వచ్చే ఏడు తాలు కూడా బంగారమవుతుంది, అయినా అమ్మి ఏం చేసుకుంటాం. వాటిలో కొంత నిజం ఉండొచ్చు. నిజం పాలు ఉండబట్టే హేతుకీకరణం అంత గట్టిగా నిలబడుతుంది.

ఈ పరీక్ష మిర్చికే పరిమితం కాదు. నీట్ లాంగ్ టర్మ్ మూడోసారి రాయిస్తున్న తల్లిదండ్రులు, నష్టంలో నడుస్తున్న కొట్టుని మూయలేని అన్నయ్య, మారతాడని భర్త కోసం ఎదురుచూస్తున్న చెల్లెలు, ఎవరికైనా ఇదే ప్రశ్న వేసుకోవచ్చు. 'ఏం జరిగితే నేను ఈ దారి మానేస్తాను?' జవాబు తేదీతోనో అంకెతోనో వస్తే మీరు ఆలోచించే నిలబడ్డారు. ప్రశ్నకే కోపం వస్తే భయం మీ తరఫున మాట్లాడుతోంది.

కోపాన్ని ఎక్కడ దించుకోవాలి?

తమ్ముడు ఆ కుర్రాడి మీద అరిచాడని చెప్పాను కదా. వాడికి కోపం రోగం మీద, తన చేతిలో ఏమీ లేకపోవడం మీద. తిరిగి ఏమీ అనలేని మనిషి దొరికాడు. విస్థాపనంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి ఇదే: అది ఎప్పుడూ కిందికే జారుతుంది. ఆఫీసరు నుంచి గుమాస్తాకి, గుమాస్తా నుంచి భార్యకి, భార్య నుంచి పిల్లాడికి. పిల్లాడి దగ్గర ఆగుతుంది, ఎందుకంటే వాడి కింద ఎవరూ లేరు. విజయవాడ బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో గంట ఇరుక్కుని ఇంటికొచ్చిన నాన్న హోంవర్క్ పుస్తకం విసిరేస్తే మర్నాడు ఆ పిల్లాడు నా క్లాసులో పక్కవాడి పెన్సిల్ విరుస్తాడు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. కాసేపటికి ఊరట ఇచ్చినా దీన్ని నేను ఏ గడువుకీ సిఫారసు చేయను. భారం మోసేవాడు ఎప్పుడూ వేరేవాడే.

దిండు మీద గుద్దితే కోపం పోతుందని చాలామంది చెబుతారు. మనస్తత్వవేత్త బ్రాడ్ బుష్‌మన్ 2002లో ఆరు వందల మంది విద్యార్థులతో ఇది పరీక్షించాడు. తమని కించపరిచిన మనిషిని తలుచుకుంటూ సంచి మీద గుద్దినవాళ్ళకి కోపం తగ్గకపోగా పెరిగింది, ఏమీ చేయకుండా కూర్చున్నవాళ్ళే నయం. కోపంలో ఒంటిని ఉడికించే పనికన్నా చల్లార్చే పని మంచిది. నెమ్మదిగా ఊపిరి వదలడం, ముఖం కడుక్కోవడం, ఇంట్లోకి అడుగుపెట్టే ముందు బండి ఆపి పది నిమిషాలు ఊరికే కూర్చోవడం. మా తమ్ముడు ఇప్పుడు డ్యూటీ దిగాక విజయవాడలో కృష్ణవేణి ఘాట్ దగ్గర పావుగంట నీళ్ళ వైపు చూస్తూ కూర్చుని ఇంటికెళ్తాడు. నాన్న డిశ్చార్జి రోజున ఆ కుర్రాడిని వెతుక్కుంటూ వెళ్ళి క్షమించమని అడిగాడు కూడా. అది ఏ పాఠంలోనూ లేని మందు.

ఉదాత్తీకరణం అంటే అదే వేడిని ఒక పనిలోకి మళ్ళించడం. ఇది పట్టుకోవడానికి టైం పడుతుంది. కోపం వచ్చిన ఆ రాత్రికే అందుబాటులోకి రాదు. ముందే చేతిలో ఒక పని ఉండాలి, అది కుట్టుమిషనైనా, మృదంగమైనా, పెరట్లో పాదులైనా. ఏ పనీ లేనివాళ్ళకి నా సలహా, కష్టం లేని రోజుల్లోనే ఒకటి మొదలుపెట్టండి.

చదువుకోవడం, చదువులో దాక్కోవడం

ఇది నా జబ్బు కాబట్టి వివరంగా చెప్పగలను. రోగం గురించి చదవడం మంచిదే. డాక్టరుని మూడు సరైన ప్రశ్నలు అడగగలిగితే అది కష్టాన్ని సరిచేసే ప్రయత్నం. నేను ఆ రోజు చదివినదాంట్లో అడగడానికి ఒక్క ప్రశ్న కూడా లేదు. అంకెల వెనక కూర్చుంటే నాన్న కనిపించడు, అందుకని చదివాను. చదివినందువల్ల మీరు ఫోన్ పెట్టేసి ఏదైనా చేశారా, లేక ఇంకో పేజీ తెరిచారా అన్నదే గుర్తు. రెండో రకమైతే ఫోన్ పక్కవాళ్ళకిచ్చి లోపలున్న మనిషి పేరు పైకి ఒక్కసారి అనండి. ఏడుపు వస్తుంది, రానివ్వండి.

ఒకరితో చెప్పుకోవడం

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. ఇంటి మాట వీధిలో తిరగడం చూశాకే అన్నారు. అందుకే ఎవరితో చెప్పుకోవాలన్నది చెప్పుకోవడమంత ముఖ్యం. విని ఊరుకోగలిగినవాళ్ళు ఒక్కరు చాలు. అదే బాధని రోజూ అదే మనిషితో అదే మాటల్లో చెప్పుకుంటూ ఉంటే మాత్రం బాధ తగ్గదు, ఇద్దరూ అందులోనే తిరుగుతారు. మూడోసారి చెబుతున్నప్పుడు "ఇప్పుడు ఏం చేద్దాం" అన్న మాట రాకపోతే ఆపండి.

చెప్పుకోవడానికి ఎవరూ లేనివాళ్ళు రాసుకోవచ్చు. మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1980లలో విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకి పదిహేను నిమిషాలు, జీవితంలో అత్యంత బాధాకరమైన సంఘటన గురించి రాయించాడు. రాసిన వెంటనే వాళ్ళ మనసు ఇంకా బరువెక్కింది. తర్వాతి నెలల్లో మాత్రం వాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళడం తగ్గింది. రాసిన రోజున నెమ్మది దొరకదని తెలిసి మొదలుపెడితే మధ్యలో మానెయ్యరు. కాగితం దాచుకోనక్కర్లేదు, చింపెయ్యవచ్చు.

నవ్వు, సాయం

జార్జ్ వేలంట్ అనే అమెరికా డాక్టరు హార్వర్డ్‌లో 1938లో మొదలైన ఒక అధ్యయనంలోని మనుషుల్ని దశాబ్దాల పాటు గమనించి, రక్షక తంత్రాలని అపరిపక్వమైనవి మొదలుకొని పరిణతి ఉన్నవాటి దాకా మెట్లుగా అమర్చాడు. పై మెట్టు మీద ఐదింటిని పెట్టాడు: హాస్యం, పరులకి సాయం, ముందుచూపు, తెలిసి పక్కన పెట్టడం, ఉదాత్తీకరణం. వాటిని ఎక్కువగా వాడినవాళ్ళ జీవితాలు మెరుగ్గా సాగాయన్నాడు. ఆయన మాట నాకు నచ్చుతుంది, కానీ ఒకటి గుర్తు పెట్టుకోవాలి. ఆ మనుషులంతా అమెరికాలో పెద్ద కాలేజీలో చదివిన మగవాళ్ళు. పై మెట్టు ఎక్కడానికి కొంత తీరిక, కొంత డబ్బు, ఇంట్లో కొంత మాట చెల్లుబాటు కావాలి. ఇవేవీ లేని కోడలు నోరు మూసుకుని లోపల దాచుకుంటే ఆమెకి పరిణతి లేదనకూడదు. ఆమెకున్న దారి అదొక్కటే.

హాస్యం మీద ఒక్క మాట: కష్టం ఎవరిదో వాళ్ళే నవ్వించాలి, పక్కవాళ్ళు తొందరపడకూడదు.

సాయం సంగతి మా పెద్దమ్మ దగ్గర చూశాను. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు వాళ్ళ కింది వాటా నీళ్ళలో ఉంది. పైవాటాలో చేరిన ఆమె, గ్యాస్ ఉన్నంతవరకు చుట్టుపక్కల మేడల మీదున్నవాళ్ళకి అన్నం వండి తాడు కట్టి పంపింది. "వండుతున్నంతసేపు నా ఇల్లు గుర్తురాలేదే" అంది. ఆ రోజులకి అంతకు మించిన దారి లేదు. నీళ్ళు తీశాక కూడా ఆమె అలాగే ఊరందరి ఇళ్ళూ కడగడానికి పరుగెత్తింది, తన బీరువా మాత్రం రెండు నెలలు తెరవలేదు. అందులో పెళ్ళి ఫోటోలున్నాయి. తడిసిపోయాయని తెలుసు. చివరికి ఇద్దరం కలిసి తెరిచాం. సాయం చేస్తూ చేస్తూ తన బాధని అసలే చూడకపోవడం కూడా ఒక దాక్కోవడమే. దానికి చుట్టూ మెప్పు దొరుకుతుంది కాబట్టి ఎవరూ ఆపరు. మీ ఇంట్లో అందరికీ చేసిపెట్టే మనిషి ఉంటే ఆమె బీరువా ఏదో ఒకసారి అడగండి.

హాస్టల్లో ఉన్న పిల్లల గురించి

విజయవాడ చుట్టుపక్కల ఇంటర్ హాస్టళ్ళలో పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు వేలమంది ఉంటారు. వాళ్ళలో ఎక్కువగా కనిపించే రక్షణ ఒకే మాట: "బానే ఉన్నా." దాన్ని నమ్మాలా వద్దా అని తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు. మార్కులు అడిగే ముందు ఏం తిన్నావు, ఎన్నింటికి పడుకున్నావు, పక్క మంచం వాడి పేరేంటి అని అడగండి. తిండి, నిద్ర, స్నేహం మూడూ చెప్పగలిగితే ఆ మాట చాలావరకు నిజం. మూడింటికీ ఒకటే పొడి జవాబు వస్తే ఆదివారం దాకా ఆగకుండా వెళ్ళి చూడండి. ఇంటికొచ్చినప్పుడు పదిహేడేళ్ళవాడు అన్నం కలిపి పెట్టమంటే పెట్టండి. పుస్తకం దాన్ని ప్రతిగమనం అంటుంది, అంటే కష్టంలో చిన్నపిల్లల తీరుకి మళ్ళడం. రెండు రోజుల సెలవుకి అంతకన్నా మంచి విశ్రాంతి లేదు.

తాగుడు, నిద్రమాత్ర, తెల్లవార్లూ ఫోన్. ఈ మూడింటికీ నేను ఏ గడువూ ఇవ్వను. డాక్టరు రాయని నిద్రమాత్ర, దిగులు మరిచిపోవడానికి తాగే మందు ఇవాళ్టి బాధని రేపటికి పంపుతాయి, మరుసటి వారం ఒళ్ళు ఇంకాస్త ఎక్కువ అడుగుతుంది.

ఇంట్లో తేలనిది ఎప్పుడు?

దిగులు, నిద్రలేమి, దేని మీదా ఆసక్తి లేకపోవడం దాదాపు రోజంతా, రెండు వారాలకు పైగా ఉంటే ఇక దారులు పోల్చుకుంటూ కూర్చోవద్దు. చనిపోవాలన్న మాట నోట వచ్చినా, చేతలో కనిపించినా రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా ఆగవద్దు, ఆ మనిషిని ఒంటరిగా వదలవద్దు. 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్‌కి 14416 నంబరు మీద రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ ఆస్పత్రులు రెండింటిలోనూ మానసిక వైద్య విభాగం ఉంది. మొదటిసారి వెళ్ళేటప్పుడు ఇంట్లో ఒకరిని వెంట తీసుకెళ్ళండి. నిద్ర, ఆకలి ఎప్పటి నుంచి మారాయి, ఇప్పుడు ఏ మందులు వాడుతున్నారు, ఇంట్లో ఇంతకు ముందు ఎవరికైనా ఇలా ఉందా అన్నవి ఒక కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. డాక్టరు ముందు కూర్చున్నాక గొంతు పెగలకపోతే ఆ కాగితం చేతికిస్తే చాలు.